లేవని కంప్యూటరు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను చెప్పబోయేది ఊరగాయ సంగతీ కాదు, ఉగ్గాని సంగతీ కాదు. ఇంట్లో కంప్యూటరుకు మదర్‌బోర్డు మార్పించిన తర్వాత అది లేవకపోతే ఏం చేయాలన్నది. "ఇది ఆడవాళ్ళకు చెప్పే విషయమా?" అని మావారు నవ్వారు. నవ్వితే నవ్వనీండి. నాకు తెలిసిన నాలుగిళ్ళలో కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చునేది ఆ ఇంటి ఇల్లాలే. ఒకామె చీరల లెక్క రాసుకుంటుంది, ఒకామె పిల్లలకు పాఠం చెబుతుంది. కడపలో ఎర్రముక్కపల్లె దగ్గర ఉండే మా చెల్లెలు పెళ్ళి పత్రికలూ, బళ్ళ ప్రశ్నపత్రాలూ తెలుగులో టైపు చేసి ఇస్తుంది. దాని ఇంటి ఖర్చులో సగం ఆ పెట్టె మీదనే గడుస్తుంది.

ఆ పెట్టె 2014లో కొన్నది. విండోస్ పదికి కంపెనీవారు మామూలుగా ఇచ్చే రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది గదా. విండోస్ పదకొండు వేద్దామంటే దాని పాత ప్రాసెసరు పనికిరాదు. సరే, పెట్టె, లోపలి కరెంటు డబ్బా, డిస్కు పాతవే ఉంచుకొని, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము మాత్రం కొత్తవి కొన్నది. మా మరిదికి స్క్రూడ్రైవరు చేతికొస్తే సంబరం. శనివారం రాత్రి తానే బిగించాడు. సోమవారం పొద్దునకు ఒక పెళ్ళి పత్రిక ఇవ్వాలి.

రాత్రి పదకొండుకు నాకు కర్నూలుకు ఫోను. "అక్కా, ఫ్యాను తిరగతాంది, లైటు వెలగతాంది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఏం చేయాల్నో తెలీడం లేదు" అని ఒకటే ఏడుపు.

నేను ఇంజనీరును కాను. పదేళ్ళు ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటరు పాఠాలు చెప్పాను, అంతే. ఆ పదేళ్ళలో నాకు అర్థమైంది ఒకటుంది. లేవని కంప్యూటరు అన్నిసార్లూ చచ్చిన కంప్యూటరు కాదు. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చూడాలి. మీట నొక్కగానే అది కరెంటు చూసుకుంటుంది, ప్రాసెసరును, ర్యామును, తెరను పలకరిస్తుంది, చివరికి డిస్కు దగ్గరికి పోయి విండోసును లేపుతుంది. ఎక్కడ జవాబు రాకపోతే అక్కడ నిలబడిపోతుంది. 1981లో వచ్చిన ఐబీఎం వారి యంత్రం అన్నీ సరిగా ఉంటే ఒక్క చిన్న కూత కూసేది. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి గొంతు లేదు. దాని బదులు ఒక మూలన నాలుగు చిన్న దీపాలు ఉంటాయి: ప్రాసెసరు, ర్యాము, తెర, డిస్కు. ఏ దీపం ఆరకుండా నిలిచిపోతే తగులాట అక్కడన్నమాట. అన్ని బోర్డులకూ ఈ దీపాలు ఉండవు. ఉన్నవాళ్ళు మాత్రం అదృష్టవంతులు.

మా చెల్లెలిని వీడియోలో చూపించమన్నాను. ప్రాసెసరు దీపం వెలుగుతోంది. "కరెంటు డబ్బాలోంచి వచ్చిన పెద్ద ప్లగ్గు, ఇరవైనాలుగు సూదులది, పెట్టినారా?" అన్నాను. పెట్టినారట. "మరి ప్రాసెసరు పక్కన నాలుగు సూదులదో, ఎనిమిది సూదులదో చిన్నది?" అన్నాను. అటునుంచి మాట లేదు. ఆ చిన్న తీగ ఫ్యాను వెనకాల వేలాడుతోంది. ప్రాసెసరుకు వేరుగా కరెంటు తెచ్చేది అదే. అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, పని మాత్రం జరగదు. బోర్డు మార్చినప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది ఈ తీగనే.

ఆ తర్వాత ర్యాము దీపం నిలిచింది. ర్యాము పలకను తీసి, గాడి సరిచూసి, టక్కుమని శబ్దం వచ్చేదాకా రెండువైపులా నొక్కమన్నాను. కొత్త గాడి బిగువుగా ఉంటుంది, మనం భయపడి సగంలో ఆపేస్తాము. బలవంతం మాత్రం చేయకూడదు. డీడీఆర్ మూడు రకం పలక డీడీఆర్ నాలుగు గాడిలో దిగదు. దిగకపోతే అది వేరే రకమని తెలుసుకోవాలి.

లోపల చేయి పెట్టే ముందు గోడ ప్లగ్గు తీసేయండి. తీసి, మీటను పది సెకండ్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. ఇంకొకటి, మనది ఎండు సీమ. చలికాలం పొడిగాలికి నైలాను చీర చిటపటలాడటం మీకు తెలియనిది కాదు. మనకు చురుక్కుమన్న ఆ మెరుపే ఒక చిప్పును చంపగలదు. నూలు చీర కట్టుకొని, పెట్టె ఇనుప చట్రాన్ని మాటిమాటికీ తాకుతూ పని చేయండి. కరెంటు డబ్బాను మాత్రం ఎవ్వరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా దాని లోపల కరెంటు దాగి ఉంటుంది.

ఇంత చేసినా బొమ్మ రాకపోతే? బోర్డు వెనక ఇత్తడి కాళ్ళు ఉంటాయి. వాటిలో ఒకటి బోర్డు రంధ్రం లేని చోట ఉంటే అడుగున తగిలి షార్టు అవుతుంది. బోర్డును విప్పి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి నడిపి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. తెర తీగ కూడా చూసుకోవాలి. వేరే గ్రాఫిక్సు కార్డు ఉంటే తీగ దానికే తగిలించాలి, బోర్డుకు కాదు.

మా చెల్లెలి ఇంట్లో అంతదూరం పోలేదు, బొమ్మ వచ్చింది. వచ్చి, డిస్కులో లేపడానికి ఏమీ లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపి కూర్చుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆదివారం పొద్దున మరిది పెట్టెను తెలిసిన రిపేరు అతని దగ్గరికి మోసుకుపోయాడు. అతను ఒక్క నిమిషం చూసి, "డిస్కు పోయింది సార్, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేద్దాం" అన్నాడు. మరిది సరే అనబోయాడు. చెల్లెలు ఫోనులో "వద్దు, ఇంటికి తెచ్చేయి" అని గట్టిగా అరిచింది. ఎందుకంటే ఆ డిస్కులో దాని పదకొండేళ్ళ పని ఉంది, మా నాన్న పోకముందు మాట్లాడిన వీడియో ఒకటి ఉంది.

ఈ విషయంలో నాకు పాత భయం ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో అల్మారా కింది అర మునిగింది. పెళ్ళి ఆల్బం, మా అమ్మ ఉత్తరాలు అట్టలు అట్టలుగా ఊడిపోయాయి. ఎండబెట్టినా ముఖాలు రాలేదు. ఫార్మాట్ అన్న మాట వింటే నాకు ఆ బురద వాసన వస్తుంది.

డిస్కు బోర్డుకు కనపడుతోందా, లేదా? మొదట అది చూడాలి. బోర్డు సెట్టింగుల పేజీలో డిస్కు పేరు కనపడుతోంటే అది చాలావరకు బతికే ఉంది. మా చెల్లెలికి కనపడింది. మరి ఎందుకు లేవలేదు? పాత పద్దుపుస్తకం తెలుగు అంకెల్లో రాసి ఉంది, కొత్త గుమాస్తాకు తెలుగు అంకెలు రావు అనుకోండి. వాడు పుస్తకం తిరగేసి, ఇందులో లెక్కలే లేవంటాడు. పాత డిస్కులు ఎం.బి.ఆర్. అనే పద్ధతిలో రాసినవి. కొత్త బోర్డులు యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త పద్ధతిలో లేస్తాయి, వాటికి జి.పి.టి. అనే పద్దు కావాలి. కొన్ని బోర్డుల్లో సి.ఎస్.ఎం. అనే మీట తిప్పితే పాత పద్ధతీ చదువుతాయి. వేరే గ్రాఫిక్సు కార్డు లేకపోతే చాలా కొత్త బోర్డులు ఆ మీటను తిప్పనివ్వవు. దీనిదీ అంతే.

అందుకని డిస్కును విప్పి, పక్కింటి అమ్మాయి ల్యాప్‌టాప్‌కు యూఎస్బీ తీగతో తగిలించారు. అన్నీ ఉన్నాయి! నాన్న వీడియోతో సహా మొత్తం వేరే డిస్కుకు ఎక్కించారు. అప్పుడుగానీ తర్వాతి పనికి నేను ఒప్పుకోలేదు. విండోస్ పదిలో 2017 నుంచి ఎం.బి.ఆర్.టు జి.పి.టి. అనే పనిముట్టు ఉంది. విండోస్ పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, దానికి ఆజ్ఞ ఇస్తే ఫైళ్ళు చెరపకుండానే పద్దు మారుస్తుంది. అయినా నకలు తీయకుండా చేయకండి సుమా. సాయంత్రం ఆరుకు విండోస్ లేచింది. కొత్త బోర్డుకు అలవాటు పడేసరికి రెండు మూడుసార్లు ఆగి లేచింది, అది మామూలే.

మీరు బోర్డు మార్పించాలనుకుంటే ముందే రెండు చూసుకోండి. విండోస్ హక్కు బోర్డుతో ముడిపడి ఉంటుంది. యంత్రంతో పాటు వచ్చిన హక్కు మామూలుగా పాత బోర్డుతోనే పోతుంది, విడిగా కొన్నదైతే మీ ఖాతాకు ముందే కలుపుకోవాలి. ఈమధ్య కొన్న యంత్రాల్లో డిస్కుకు మనకు తెలియకుండానే బిట్‌లాకర్ తాళం పడి ఉండవచ్చు. బోర్డు మారగానే నలభైఎనిమిది అంకెల తాళపుచెవి అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్ళు దొరకవు. ముందే మీ ఖాతాలో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

సోమవారం తొమ్మిదింటికి పెళ్ళి పత్రిక ప్రెస్సుకు పోయింది. ముహూర్తం తేదీ ఇంకొకసారి సరిచూసుకోమని నేను ఫోను చేస్తే, "అది నేనెప్పుడో చూసుకున్నాలే అక్కా. మాకు ఇంత చెప్తివి, నీ ఫోటోలు రెండో చోట పెట్టినావా నువ్వు?" అంది.

పెట్టలేదు. ఆ సాయంత్రమే కూర్చొని పెట్టాను. సెలవు.