హెచ్చరికను మనమెట్లు వినుచున్నాము?

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో మన పితరుల సేవను జ్ఞాపకము చేసికొనుట యుక్తమే. అయితే కార్యనిర్వాహకులు నన్ను రాబోవు దినములనుగూర్చి మాట్లాడుమనిరి. తుఫానులు, వడగాడ్పులు, మారుచున్న వాతావరణము - వీటి వలన కలుగు అపాయమును మనుష్యులు ఎట్లు అంచనా వేయుదురు, ఏ ఆధారముమీద నిర్ణయించుకొందురు అనునది నాకిచ్చిన అంశము. వాతావరణ శాస్త్రమును బోధించుట నా ఉద్దేశము కాదు. హెచ్చరిక చెవిని పడిన తరువాత మన మనస్సులో ఏమి జరుగుచున్నదో, ఆ విషయములో సంఘము ఏమి చేయగలదో చెప్పుటకు ప్రయత్నించెదను.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము మీకందరికి తెలిసినదే. పౌలును ఖైదీగా కొనిపోవు ఓడ క్రేతు ద్వీపములో మంచిరేవులు అను చోట ఆగెను. ఉపవాస దినము గడచిపోయినది. ఆ సముద్రములో అది ప్రయాణమునకు తగని కాలము. బయలుదేరినయెడల సరకులకు, ఓడకు, ప్రాణములకును నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. వారు వినలేదు. ఎందుకు వినలేదో లూకా నాలుగు కారణములు వ్రాసియుంచెను. మొదటిది, శతాధిపతి పౌలు మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. నావికునికి సముద్రము తెలుసును. కాని ఓడ ఆగిపోయినయెడల నష్టపడువాడు యజమానుడు. రెండవది, ఆ రేవు చలికాలము గడుపుటకు వసతిగా లేదు. మూడవది, ఎక్కువమంది బయలుదేరుటయే మంచిదనిరి. నాలుగవది, దక్షిణపు గాలి మెల్లగా విసరెను. ఇక భయము లేదనుకొనిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిమీద పడెను.

ఆ శతాధిపతిని మూర్ఖుడని అనరాదు. మనమును అట్లే నిర్ణయించుకొందుము. ఎవరి మాట నమ్మదగినది? సురక్షితమైన చోట వసతి యున్నదా? పదిమంది ఏమనుచున్నారు? కండ్లయెదుట ఆకాశము ఎట్లున్నది? నేటికిని మన తీరమున ప్రతి ఇంటిలోను తుఫాను రాకముందు ఈ నాలుగు ప్రశ్నలే తిరుగుచుండును.

1977 నవంబరు 19, శనివారమునాడు దివిసీమను ఉప్పెన ముంచివేసినది. నీరు తాటిచెట్టు మొవ్వలను తాకినదని పెద్దలు చెప్పుదురు. కొలతలనుబట్టి చూచినను అయిదు మీటర్ల యెత్తు అల అది. సుమారు 10,000 మంది మరణించిరి. తుఫాను వచ్చుచున్నదని రేడియోలో చెప్పనే చెప్పిరి. అయితే తుఫాను అనగానే ఆ ప్రాంతపువారి మనస్సున మెదలినది గాలి, వాన, ఎగిరిపోవు తాటాకు కప్పులు. 1969లో మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి తుఫానులు ఆంధ్ర తీరమున వచ్చినవి. వాటిని ఓర్చుకొన్న ఇల్లు దీనినిగూడ ఓర్చుకొనునని తలంచుట సహజము. సముద్రమే లేచి ఊరిమీదికి వచ్చునని వారి అనుభవములో లేదు. ఆలాటి ఉప్పెన మచిలీపట్నమున 1864 నవంబరు 1న వచ్చి, పట్టణములోను చుట్టుపట్లను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. నడుమ 113 సంవత్సరములు గడచినవి. దానిని కన్నులార చూచినవాడు ఒక్కడును మిగిలియుండలేదు.

గిల్బర్టు వైట్ అను అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు వరదలకు మనుష్యులు ఎట్లు సర్దుకొందురను విషయమును జీవితకాలమంతయు పరిశోధించెను. ఆయన క్వేకరు సంఘమునకు చెందిన భక్తుడు. 1945లో ప్రచురించిన ఆయన గ్రంథమునకు తరువాత ఆయనయు, ఆయన శిష్యులును చేసిన పరిశోధనలలో తేలిన సంగతి ఇది: నదీతీరమున నివసించువాడు తాను చూచిన వరదనే గీటుగా పెట్టుకొని రాబోవు వరదను కొలుచును. అంతకు మించినది వచ్చునని ఊహించలేడు. పైగా గట్టు వేసినప్పుడు చిన్న వరదలు ఆగిపోవును గనుక జనులు ధైర్యము తెచ్చుకొని గట్టు వెనుక ఇండ్లు కట్టుకొందురు. గట్టు తెగు దినమున నష్టము మునుపటికంటె ఎక్కువగును. ఇది దివిసీమవారి లోపము కాదు, మనుష్య స్వభావము.

మరియొక సంగతి. ఇల్లు విడిచిపోవువాడు ఏమి పోగొట్టుకొనునో చెప్పకుండ, “ఎంత చెప్పినను వినలేదు” అనుట న్యాయము కాదు. నవంబరు నెలలో వరి పంట కోతకు వచ్చియుండును. కుప్పలు పొలములోనే ఉండును. పాడిగేదెను కట్టుకొయ్యకు విడిచి ఎట్లు పోవుట? పడవను, వలను ఎవరికి అప్పగించుట? ఇల్లు తెరచియున్న దొంగలు పడుదురేమో. ఆశ్రయమిచ్చు భవనములో స్త్రీలకు మరుగు ఉండునా? పల్లెవారిని లోపలికి రానిత్తురా, వరండాలోనే నిలువబెట్టుదురా? బీదవానికి హెచ్చరిక ఉచితముగా వచ్చును గాని దానిని పాటించుట ఉచితము కాదు.

దీనికి సాక్ష్యము మన తీరమే. 1977 తరువాత ప్రభుత్వమును, కాసా మొదలైన సేవాసంస్థలును తుఫాను రక్షణ గృహములు కట్టించినవి. 1990 మే 9న మరల అతి తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటినది. ఆ పర్యాయము ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగానే తరలించిరి. మృతులు 967 మంది. ప్రతి ప్రాణము విలువైనదే. అయినను 1977తో పోల్చగా పదియవ వంతుకు తగ్గినది. ఒరిస్సాలో 1999 అక్టోబరు 29నాటి పెను తుఫానుకు దాదాపు 10,000 మంది బలియైరి. అదే రాష్ట్రమునకు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు సుమారు పది లక్షల మందిని తరలించగా మృతులు యాబదికి లోపే. జనుల స్వభావము మారలేదు. ముందుచూపు మెరుగైనది, వాహనము, కప్పు, అన్నము, తెలిసిన మనిషి ఏర్పడిరి. అయితే ఒకసారి నేర్చుకొన్న పాఠము తనంతట నిలువదు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో మరల వేయిమందికి పైగా మరణించిరి.

“హెచ్చరించిన ప్రతిసారి తుఫాను రాలేదు గదా, ‘నాన్నా పులి’ కథవలె ఉన్నది” అని కొందరందురు. ఆ కథలో పిల్లవాడు అబద్ధమాడెను. వాతావరణ శాఖవారు అబద్ధమాడుటలేదు. తుఫాను ఏ దారిన పోవునో గీత గీసినట్లు ముందుగా చెప్పుట సాధ్యము కాదు గనుక, అది తగులు అవకాశమున్న తీరమునంతటిని హెచ్చరింతురు. అందులో కొంత భాగమునకే దెబ్బ తగులును. మిగిలిన ఊళ్ళవారు బ్రదికి బయటపడి, హెచ్చరిక వట్టిదందురు. రాత్రి తలుపు గడియ వేసికొని పడుకొందుము. దొంగ రాలేదని తెల్లవారి గడియను తిట్టుకొందుమా?

ఇంతవరకు కంటికి కనబడు అపాయమునుగూర్చి చెప్పితిని. కనబడనిది దీనికంటె కష్టమైనది. పాల్ స్లోవిక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1987లో వ్రాసిన వ్యాసములో చూపినట్లు, క్రొత్తదియు భయంకరమైనదియు నగు అపాయమునకు మనుష్యులు హడలుదురు. అలవాటైనదానిని తేలికగా తీసికొందురు. ఎండ మనకు అలవాటే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెతగూడ చెప్పుకొందుము. ఆ ఎండకే 2003లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది, 2015లో రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి దాదాపు 2,000 మంది మరణించిరి. 1990 తుఫాను మృతులకంటె ఇది రెండు మూడింతలు. అయినను దీనికి స్మారక స్తంభము లేదు. ఏలయనగా తుఫానులో ఊరు ఊరంతయు ఒక్క రాత్రి ఏడ్చును; వడదెబ్బకు ఈ ఊరిలో ఒక ముసలమ్మ, ఆ ఊరిలో ఒక ఉపాధి కూలి, రేకుల ఇంటిలో ఒంటరిగా పడియున్న ఒక వృద్ధుడు పోవుదురు. జ్వరమనియో గుండెపోటనియో చెప్పి సమాధి చేయుదుము.

అహమ్మదాబాదులో 2010 మే నెలలో అట్టి ఎండలకు అనేకులు చనిపోగా, ఆ నగరమువారు 2013లో ఒక కార్యప్రణాళిక సిద్ధపరచిరి. ఎండ ఇంత డిగ్రీలు దాటునని తెలిసిన దినమున ఎవరు ఎవరికి చెప్పవలెను, ఆసుపత్రులు ఏమి సిద్ధము చేయవలెను, నీళ్ళు ఎక్కడ ఉంచవలెను అని ముందే వ్రాసి పెట్టుకొనిరి. నిర్ణయమును ఎండ వచ్చిన దినమునకు విడిచిపెట్టలేదు. మనము గ్రహించవలసిన ముఖ్యాంశము అదియే.

సముద్రము సంగతియు ఇట్టిదే. 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా దాదాపు జానెడు పెరిగినది. నూరేండ్లలో జానెడేనా అని నవ్వుకొందుము. కాని వెనుకటి ఉప్పెనే మరల వచ్చినయెడల ఆ జానెడు మీదినుండి బయలుదేరి మరింత లోపలికి వచ్చును.

ఇక విశ్వాసులమైన మనము చెప్పు మాట ఒకటి కలదు. “అంతయు దేవుని చిత్తము, ఇవి అంత్యదినముల గురుతులు, ప్రార్థించుట తప్ప మనము చేయగలిగినది లేదు.” ప్రార్థనను నేను తక్కువ చేయుటలేదు. అయితే పౌలును చూడుడి. ఓడలోనివారిలో ఎవని ప్రాణమునకును హాని కలుగదని దేవుని దూత ఆయనకు వాగ్దానము చేసెను. వాగ్దానము పొందిన తరువాత ఆయన చేతులు కట్టుకొని కూర్చుండలేదు. ఓడవారు పడవ దింపి పారిపోజూడగా శతాధిపతికి చెప్పి ఆపించెను. పదునాలుగు దినములు ఆహారము లేనివారిచేత తినిపించెను. గోధుమలను సముద్రములో పారబోయగా, అది యజమానునికి నష్టమని ఎవరును వెనుదీయలేదు. ఆ 276 మందిలో ఖైదీలు, సైనికులు, నావికులు ఉండిరి. విశ్వాసులను మాత్రమే రక్షించుమని పౌలు అడుగలేదు. వాగ్దానము పనిని కొట్టివేయదు.

కావున ప్రతి పాస్టరేటు ఈ శతాబ్ది సంవత్సరములోనే నాలుగు పనులు చేయవలెనని మనవి చేయుచున్నాను.

1. మన ఆలయము, పాఠశాల, హాలు తాళపుచెవులు ఇద్దరి యొద్ద ఉండవలెను. వారిలో ఒకరు పల్లెలో నివసించువారై యుండవలెను. తుఫాను రాత్రి కులమును, మతమును అడుగక తలుపు తెరువబడునని ముందుగానే ఊరంతటికిని తెలియజేయవలెను. స్త్రీలకు మరుగుదొడ్డి, పశువులకు మెరక చూపవలెను.

2. ఒంటరి వృద్ధులు, గర్భిణీలు, నడువలేనివారు ఎవరెవరో స్త్రీల సహవాసమువారు జాబితా వ్రాసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇంటివారిని బాధ్యులుగా నియమించవలెను. రేడియో మాటను కాదనువాడును పొరుగింటివారు వచ్చి చేయిపట్టుకొని పిలిచిన కాదనడు.

3. తుఫాను తరువాత బియ్యము, దుప్పట్లు పంచుటలో మన మండలము ఎన్నడును వెనుకబడలేదు. ఆ సహాయ నిధిలో కొంత భాగమును తుఫానుకు ముందే, పశువులను తోలుటకు, పడవలను ఒడ్డునకు లాగుటకు, కూలి పోగొట్టుకొన్నవారికి ఇచ్చుటకు ప్రత్యేకించవలెను.

4. మే నెలలో ఆరాధన తెల్లవారుజామున ముగించవలెను. సెలవుల బైబిలు పాఠశాలను పది గంటలలోపు వదలివేయవలెను. మన సంఘములలో భూములు గలవారును, పనులు చేయించువారును కలరు. వడగాడ్పుల దినములలో పదకొండు మొదలు నాలుగు వరకు పని ఆపి, కూలి తగ్గించకుండ ఇచ్చుట వారి వంతు. ఎండలో పనికి పోవద్దని వేదికనుండి చెప్పి, పోని దినమునకు కూలి కోసినయెడల మన ప్రసంగమును ఎవరు నమ్ముదురు?

నాలుగవది అందరికిని రుచింపదని నేనెరుగుదును. మంచిరేవులలో చలికాలము గడుపుటయు ఎవరికిని రుచింపలేదు. ఈ సభ ముగియకముందే మీమీ పాస్టరేటు పెద్దలతో కూర్చుండి, తాళపుచెవి ఎవరి యొద్ద ఉండవలెనో మొదట తేల్చుకొనుడి. మన తరువాతి నూరేండ్లలో ఈ మండలములోని ఏ ఇల్లును హెచ్చరిక విని కూడ పోవుటకు చోటు లేక నశింపకుండునట్లు ప్రభువు మనకు వివేకమును, ఒకరియెడల ఒకరికి కనికరమును దయచేయునుగాక.