పేరు దాచి పంపే కథ

సైన్స్ ఫిక్షన్ కథ రాయాలని ఉందా? ఇంటి నుంచే అంతర్జాతీయ పోటీకి పంపవచ్చు. అమెరికాలో 1983లో మొదలైన 'రైటర్స్ ఆఫ్ ది ఫ్యూచర్' కొత్త రచయితల కోసం పెట్టిన పోటీ. ప్రవేశ రుసుము లేదు. ఏడాదికి నాలుగు విడతలు, విడతకు ఒక్క కథ. కథ ఇంగ్లీషులో ఉండాలి, 17,000 పదాలు దాటకూడదు. ఆన్‌లైన్‌లో పంపే ప్రతిలో రచయిత పేరు ఉండకూడదు. న్యాయనిర్ణేతలు కథను చూసే తీర్పు చెబుతారు.

మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ ఇలాంటి తీర్పునే కోరుకున్నారు. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి కృష్ణబిలం మీద కథ రాసి, మారుపేరుతో పంపారు. మొదటి బహుమతి గెలిచారు.

కాబట్టి పేరు లేదని వెనకాడకండి. నియమాలు శ్రద్ధగా చదవండి, కథను మళ్లీ దిద్దండి, గడువుకు ముందే పంపండి.