దీవి బడికి పోతున్న మన బిడ్డ



మా హాస్టల్లో చదువుకొని, జడ్చర్లలో డిగ్రీ, తర్వాత బీఈడీ చేసిన ఒక తండా బిడ్డ మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరుగా పోతున్నది. పేరు చెప్పొద్దన్నది. విమానం ఎక్కకముందే పదిమంది నోట్లో పడితే దిష్టి తగులుతుందని వాళ్ల యాడి భయం. నాలుగు నెలలుగా హాస్టల్ సిబ్బందిమి, సంఘం వాళ్లం ఆమెతో పాటు ఈ ప్రయాణానికి తయారవుతున్నాం. అందులో తెలిసిన సంగతులు మీకు చెప్తాం.

పాలమూరోళ్లకు వలస కొత్త కాదు. ముంబై, పుణె పనులకు మన తాతలు గుంపులు గుంపులుగా పోయిన్రు. లెక్క రాసిన పుస్తకం మేస్త్రి దగ్గరే ఉండేది. ఈ బిడ్డ కాగితాలు ఈ బిడ్డ దగ్గరే ఉండాలని మేము మొదటి రోజే అనుకున్నం.

మొదట పట్టుకున్నది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, రేషన్ కార్డులో పేరు చివర 'బాయి'. మన ఇండ్లల్ల అందరిదీ ఇదే కథ. అన్నీ ఒక్క తీరుకు తేవడానికే రెండు నెలలు పట్టింది. పాస్‌పోర్టుకు మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉన్నది. ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమని 2022 నవంబర్‌లో యూఏఈ చెప్పింది.

ఇక ఏజెంట్ల సంగతి. ఒకాయన లక్షన్నర కట్టమన్నడు. 'ముందు టూరిస్టుగా దిగు, వీసా అక్కడ మారుద్దాం' అన్నడు. బిడ్డ నాయన ఎకరం చెల్క కుదువపెట్టడానికి తయారైండు. మేము ఆపినం. బడి పేరు, జీతం, ఉండే ఇల్లు, తిరుగు టికెట్ రాసిన ఆర్డర్ చూపమని అడిగినం. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు వచ్చిన ఉద్యోగం ఆమె తానే దరఖాస్తు పెట్టి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చి తెచ్చుకున్నది. గుర్తు పెట్టుకోండి: రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీస్ చార్జీ తీసుకోకూడదు. పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు. కంప్యూటర్ ఉద్యోగమని కంబోడియా పోయి సైబర్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కిన మన తెలుగు పిల్లల వార్తలు 2024లో మీరూ చదివే ఉంటరు.

ఇంకో మాట. చాలా దేశాల ప్రకటనల్లో ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లే కావాలని రాస్తరు. అది చూసి చిన్నబోకండి. మాల్దీవుల బడులు ఇంగ్లీషు మీడియం, అక్కడికి భారతీయ టీచర్లు ఎన్నో ఏండ్లుగా పోతున్నరు.

మాకు అన్నింటికన్నా ఇష్టమైన తయారీ స్టడీ అవర్‌లో జరిగింది. ఇక్కడ పిల్లలకు అర్థం కాకపోతే తెలుగులో చెప్పేస్తం. అక్కడి పిల్లలది దివేహి, కుడి నుంచి ఎడమకు రాసే లిపి. తెలుగు అక్కడ పనికిరాదు. అందుకే మా ఐదో తరగతి పిల్లల ముందు ఒక్క తెలుగు ముక్క లేకుండా పాఠం చెప్పమన్నం. మొదటి రోజు పది నిమిషాల్లో పిల్లలు కిటికీలోంచి బయటికి చూసిన్రు. రెండో వారం ఒక బకెట్, తాడు, జొన్న కంకి తెచ్చి 'పైన', 'లోపల', 'కింద' నేర్పింది. పిల్లలు లేచి నిలబడి వాళ్లే చెప్పిన్రు. ఇంట్లో గోర్‌బోలి, అంగన్‌వాడీలో తెలుగు, తర్వాత ఇంగ్లీషు. తెలియని భాషలో కూర్చున్న పిల్ల ఎట్లుంటదో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సామాన్లు సర్దేటప్పుడు ఒక కష్టం వచ్చింది. వాళ్ల యాడి పెట్టెలో సేవాలాల్ మహరాజ్ విగ్రహం పెట్టింది. మాల్దీవుల చట్టం పూజా విగ్రహాలను దేశంలోకి తేనివ్వదు. తీయమంటే యాడి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. చివరికి తానే తీసి ఇంట్లో దేవుని దగ్గర పెట్టుకున్నది. మందులకు డాక్టర్ చీటీ, పట్టాల నకళ్లు, మన హైకమిషన్ ఫోన్ నంబరు ఆ జాగాలో చేరినయి. సెలవులు అక్కడ శుక్ర, శనివారాలు, కాబట్టి ఆదివారం ఫోన్ ఎత్తకపోతే గాబరా పడొద్దని ఇంట్లో చెప్పినం.

పోయేలోపు ప్రతి బుధవారం సాయంత్రం ఆమె పాఠం మా హాస్టల్లో ఉంటది. బీఈడీ చేస్తున్నవాళ్లు వచ్చి వెనక కూర్చోవచ్చు. మీ పదో తరగతి మెమో, ఆధార్ కూడా తెచ్చుకోండి, పేర్లు కలుస్తున్నయో లేదో అప్పుడే చూద్దాం.