జాతరల రోగమొస్తే తప్పెవరిది?
(జాతర వలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మేడారం పోయొచ్చినోళ్లు మంచాన పడితే చదువుకున్నోళ్లు అనే మాటొకటున్నది: "జనానికి శుభ్రత తెల్వది". ఈ మాట వింటె మాకు మండుతది.

రెండేండ్లకోసారి మాఘ పున్నమికి లక్షలమంది ఒక్క చిన్న ఊరికి చేరుకుంటరు. 1996లనే దాన్ని రాష్ట్ర పండుగ చేసిండ్రు. పండుగ సర్కారుదైతే నల్లా, మరుగుదొడ్డి ఎవరివి? జంపన్న వాగుల తానం, ఒడ్డుకే దొడ్డికి పోవుడు, ఆ ఇసుకల చెలిమె తీసి తాగుడు. మలం కలిసిన నీళ్లు, ఈగలు వాలిన తిండి కడుపుల పడితే వాంతులు, విరేచనాలు. కొన్నాళ్లకు టైఫాయిడ్, పచ్చకామెర్లు. దుమ్ముకు దగ్గు, ఆయాసం సరేసరి. చాటు లేక మన ఆడోళ్లు పొద్దంతా నీళ్లు తాగకుండ, ఉచ్చ ఆపుకొని, మంటతోటి, జరంతోటి ఇల్లు చేరుతరు. దీన్ని ఏ లెక్కల రాస్తున్నరు?

విరేచనాలల్ల పాణం తీసేది ఒంట్ల నీళ్లు, ఉప్పు పోవుడే. ఓఆర్ఎస్ పొట్లం దొరకకుంటె లీటరు కాచి చల్లార్చిన నీళ్లల్ల ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు కలిపి గుక్క గుక్క తాపుండ్రి. చెంచ తలగొట్టి కొలువాలె, ఉప్పు ఎక్కువైతే ముప్పే. పసిపిల్లకు చనుపాలు ఆపొద్దు. కండ్లు గుంటపడ్డా, ఉచ్చ ఆగినా, పిల్ల మగతగున్నా మొక్కు తర్వాత, ముందు వైద్య శిబిరం. షుగరు, బీపీ గోళీలు బంగారం మూటలనే కట్టుకొమ్మని ముసలోళ్లకు చెప్పుండ్రి.

ఇగ జాతరకు నెల ముందే మనమంత పోయి అధికారుల అడగాలె: మరుగుదొడ్లెన్ని? అండ్ల నీళ్లొస్తున్నయా? నల్లా నీళ్లల్ల క్లోరిన్ రోజూ చూసేదెవరు?