వనవాస రాత్రి సామాను తడియకుండుట యెట్లు?

(బరంపురమున మన సంఘ యువజన శాఖవారి సమావేశమందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ కార్తీకమున వనభోజనము ముగిసిన పిమ్మట మహేంద్రగిరి దిగువనున్న తోటలో ఊయెల పడకలు కట్టుకొని ఒక రాత్రి గడపవలెనని మన యువకులు కోరుచున్నారు. తోట యజమాని అనుమతించినారు. అనుమతింపవలసినవారు తల్లులే. గత సంవత్సరము జరిగినది వారు మరువలేదు. అర్ధరాత్రి వాన కురిసినది. ఊయెలలలో పరుండినవారిపై ఒక చుక్కయైన పడలేదు. కాని సంచులన్నియు నేలపై నుండెను. వాలు వెంట వచ్చిన నీరు వాటి క్రిందుగా పారినది. ఉబ్బసము గల ఒక బాలుడు పీల్చు పొడి మందు గొట్టములు తడిసి ముద్దయైనవి. తెల్లవారకముందే వానిని మోసికొని రోడ్డుకు చేర్చవలసి వచ్చెను. దైవకృపచేత బాలుడు కోలుకొనెను. నలుగురు తల్లులు మాత్రము ఈ యేడు మా పిల్లలను పంపమనిరి. వారి భయము న్యాయమైనదే. ఆ భయము తీర్చుభారము మనది.

నేను త్రాళ్ళు, గోనెలు, బరకములు అమ్ముకొను వర్తకుడను. అందుచేతనే అధ్యక్షులవారు నన్ను మాటలాడుమనిరి. గోదాములో బియ్యపు బస్తాను ఏ వర్తకుడును వట్టి నేలపై నుంచడు. క్రింద చెక్కలు పరచును, గోడకు జానెడు ఎడము విడుచును. వాన లేకున్నను నేలనుండి చెమ్మ పైకి లేచును గనుక. మన అవ్వలు పాలు పెరుగులను ఉట్టిపై నుంచినదియు ఇట్టి వివేకము చేతనే. పిల్లికి, చీమకు, చెమ్మకు అందనిచోట వస్తువు క్షేమముగా నుండును. ఊయెల పడక అమెరికా ద్వీపవాసులది. 1492లో కొలంబసు వెంట వెళ్ళినవారు దానిని అచ్చటనే చూచిరి. మనిషికి ఊయెల కట్టి సంచిని నేలకు విడుచుట సగము పనియే గదా!

నేల యనగా నీరు మాత్రమే కాదు. కట్లపాము రాత్రివేళ తిరుగును; నేలపై నిద్రించువారిని కరచినను నొప్పి తెలియకపోవచ్చును. తేలు, జెర్రి చీకటి గల చోటు వెదకుచు బూట్లలో దూరును. పొదలలోను గడ్డిలోను కంటికి కానరాని పురుగులు కుట్టినచో స్క్రబ్ టైఫస్ అను జ్వరము రావచ్చును. కావున బూట్లను లేసులతో ముడివేసి తలక్రిందులుగా వ్రేలాడదీయుడు. ఉదయమున దులిపి గాని కాలు పెట్టకుడు.

ఇక కట్టు విధానము. చెట్ల నడుమ 12 నుండి 15 అడుగుల ఎడము చాలును. త్రాటికి బదులు అంగుళము వెడల్పు గల పట్టీ వాడినచో బెరడు కోసుకొనదు. మీరు కూర్చున్నప్పుడు ఊయెల నేలకు అడుగున్నర ఎత్తున నుండవలెను. అంతకు మించినచో పడిపోయినవాని ఎముకలు వైద్యుని పాలగును. ఎండుకొమ్మలున్న చెట్టును, కాయలున్న కొబ్బరిచెట్టును విడిచిపెట్టుడు. ఉసిరిచెట్టు క్రింద భుజించుట పుణ్యము. దాని సన్నని కొమ్మలకు ఊయెల కట్టుట మాత్రము పుణ్యము కాదు!

10 అడుగుల చదరపు బరకమును మూలనుండి మూలకు కట్టినచో సుమారు 14 అడుగుల నిడివి వచ్చును; అది ఊయెలను రెండు చివరల వరకు కప్పును. గాలి వచ్చు వైపు అంచును దించి కట్టుడు. వాన లేని రాత్రియందును బరకము విప్పకుడు. కార్తీకపు మంచు వానకు తీసిపోదు. నైలాను త్రాడు తడిసిన సాగును, నూలుత్రాడు తడిసిన బిగిసి కురుచయగును. నైలానుతో కట్టినవారు వాన మొదలైన కొంతసేపటికి లేచి మరల బిగింపవలెను. ఇది నా అంగడిలో చాలమంది అడుగని సంగతి.

అన్నిటికంటె ముఖ్యమైనదియు, అందరు మరచునదియు ఒకటి గలదు. నీరు త్రాటి వెంట నడచును. చెట్టుపై పడిన వాన పట్టీ వెంట జారి నేరుగా ఊయెలలోనికి వచ్చును. బరకము ఎంత మంచిదైనను దానిని ఆపజాలదు. కావున ఊయెలకు కొంచెము ఇవతల, బరకపు నీడలోనే, పట్టీకి జానెడు నూలు పీలిక ముడివేసి క్రిందికి వ్రేలాడనిండు. నీరు ఆ పీలిక వెంట జారి నేలపై పడును. కాసంత గుడ్డ, కాని ఫలము గొప్పది. మామిడి చెట్లకు కట్టువారు మరియొక పీలికను వేపనూనెలో ముంచి చెట్టు దగ్గర చుట్టుకొనుడు. ఎర్రచీమలకు మన త్రాడు రాజమార్గము వంటిది.

సంచి కొరకు రెండు చెట్ల నడుమ, బరకము క్రిందుగా, వేరొక త్రాడు కట్టుడు. పాదముల వైపున సంచిని నేలకు రెండడుగుల పైన వ్రేలాడదీయుడు. మ్రానుకు ఆనింపకుడు, వానలో మ్రాను వెంట నీరు కాలువవలె దిగును. సంచిపై తొడుగు వేసితిమి గదా యని ధైర్యపడరాదు, ఆ తొడుగు వీపు వైపును కప్పదు. సంచి లోపల దళసరి పాలిథీను సంచి యొకటి వేసి, మూతి మెలిపెట్టి, మడిచి, కట్టుడు. పండుకొనునపుడు తొడుగు పొడి బట్టలు దానిలోనే యుండవలెను. తడిసిన కోటును సంచి పైన కాక దూరముగా చివర తగిలింపుడు.

మందులు సంచిలో నుండనే కూడదు. బిగువు మూతగల డబ్బాలో నుంచి, తలపైన త్రాటికి చేతికందునట్లు కట్టుడు. లాంతరు దీపము, ఫోను దాని ప్రక్కనే. ఏ బాలునికి ఏ మందు కావలెనో వ్రాసిన కాగితము పెద్దవాని యొద్ద నుండవలెను. తల్లులు కోరుచున్నది ఇదియే, ఇది న్యాయము.

తినుబండారములు ఊయెల దగ్గర వ్రేలాడదీయరాదు. మన కొండలలో ఎలుగుబంట్లు గలవు. వాటిని దూరముగా వేరొక చెట్టున కట్టుడు.

చలి క్రిందినుండియే వచ్చునని క్రొత్తవారు ఎరుగరు. వీపు క్రింద దుప్పటి నలిగి పలుచనగును, దాని క్రింద గాలి తిరుగును. కావున ఒక చాపను గాని దళసరి పరుపును గాని లోపల పరచుకొనవలెను.

తుఫాను మాట చెప్పక తీరదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానునాడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణనష్టము జరిగెను. వాతావరణశాఖవారి హెచ్చరిక వచ్చినచో ఆ యాత్ర ఆనాడే రద్దు; దానిపై చర్చ లేదు. ఉరుము వినబడినచో ఊయెల విడిచి పక్కా ఇంటికి చేరవలెను.

వచ్చే ఆదివారము ఉదయము 8 గంటలకు సంఘ భవనపు పెరటిలో రెండు వేపచెట్ల నడుమ ఊయెల కట్టి, బిందెలతో నీరు పోసి చూతము. యువకులు సర్దిన సంచులతో రండు, తల్లులును రండు. లోపలి బట్ట తడిసినవాడు మరల సర్దవలెను. త్రాడు, పీలికలు నా అంగడినుండి తెత్తును. వాటికి వెల లేదు.