ఆర్గను మంద్రస్వరము ఇంటిలో వినబడునా?

(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మా నాన్నగారు చిన్నతనములో మద్రాసులోని ఒక దేవాలయములో పైపు ఆర్గనుకు తిత్తులు ఊదినవారు. మంచము పట్టిన తరువాత ఆ ధ్వని మరల వినవలెనని కోరినారు. సెన్‌సాన్స్ 1886లో రచించిన ఆర్గన్ సింఫనీ రికార్డు తెచ్చి పెట్టితిని. నెమ్మదైన భాగము వరకు విని, “బాగానే ఉన్నది గాని, బల్ల అదరడము లేదురా” అన్నారు.

నాకు పౌరుషము వచ్చినది. బేస్ మీటను చివరివరకు త్రిప్పితిని. 8 అంగుళాల స్పీకరు టపటప కొట్టుకొని, కాయిలు కాలి, వాసన వచ్చినది.

తప్పు స్పీకరుది కాదు. ఆర్గనులో 32 అడుగుల గొట్టము, అనగా మూడంతస్తుల మేడంత గొట్టము, సెకనుకు సుమారు 16 సారులు మాత్రమే కంపించును. సిడ్నీ టౌన్ హాలులోని 1890 నాటి ఆర్గనులో 64 అడుగుల వరుస కూడ గలదు. దాని అడుగు స్వరమునకు 8 కంపనములే. మన చెవి సుమారు 20 వరకే దిగును. ఆ క్రింద దేహమే వినవలెను. స్వరము ఒక స్థాయి దిగినప్పుడెల్ల, అంతే బిగ్గరగా పలుకుటకు స్పీకరు కోను నాలుగు రెట్లు ఊగవలెను. చిన్న కోను ఎంతని ఊగును?

అయితే ఆ స్వరము మనకు బొత్తిగా వినబడలేదని కూడ అనుకొనము. 32, 48 కంపనముల పైస్వరములు వినబడగా చెవి అసలు స్వరమును తానే కల్పించుకొనును. ఆర్గను కట్టువారికి ఈ కిటుకు తెలియును. పెద్ద గొట్టమునకు చోటు గాని డబ్బు గాని లేనప్పుడు, 16 అడుగుల గొట్టముతో దాని పంచమమును పలికించి, 32 అడుగులదని భ్రమింపజేయుదురు. నాన్నగారు మాత్రము భ్రమపడలేదు. బల్ల సంగతి ఆయనకు తెలియును గదా!

రికార్డుతో మరియొక చిక్కు. టర్న్‌టేబులు మోటారు గురగురయు ఆ క్రింది స్వరములతోనే కలిసిపోవును. 1982లో వచ్చిన సి.డి.లతో ఆ బాధ తీరినది. కనుక సి.డి. తెచ్చి, పెద్ద చెక్కపెట్టెలో 15 అంగుళాల స్పీకర్లు రెండు బిగించి గది మూలను పెట్టితిని. మూలనుండు గోడలు మంద్రమునకు బలమిచ్చును. మంచము గది నడుమ ఉండగా ధ్వని పలుచబడినది. గోడ ప్రక్కకు జరిపితిమి. 16 వరకు దిగినదని చెప్పను, 20 దరిదాపులకు వచ్చినది.

నాన్నగారు మంచపు పట్టెమీద చెయ్యి వేసి, కన్నులు మూసికొని, “ఇప్పుడు వచ్చినది” అన్నారు.

అంతలో వంటింటి గూటిలో స్టీలు గిన్నెలు గలగలలాడుచున్నవని అమ్మ పరుగున వచ్చినది. గిన్నెలన్నియు క్రిందికి దింపి, మరల మొదటినుండి పెట్టితిమి.