పాత ప్రింటరూ, వైర్‌లెస్ అడాప్టరూ

తెల్లవారితే మా అమ్మాయికి పరీక్ష. హాల్ టికెట్టు ఫోనులో ఉంది, ప్రింటరు ఇంట్లోనే ఉంది. అయితే అది తీగతో నడిచే పాతది, కంప్యూటరా, పాడైంది. వైర్‌లెస్ అడాప్టరు తగిలిస్తే చాలునని ఎవరో అంటే అమలాపురం నుంచి తెప్పించాను. తీరా చూస్తే ప్రింటరు వెనక నాలుగు పలకల రంధ్రం, అడాప్టరుది బల్లపరుపు మూతి! దూరినా లాభం లేదండీ. దాన్ని నడిపే సాఫ్టువేరు కంప్యూటరులో ఉంటుంది గాని పాత ప్రింటరులో ఉండదు. ఆ రాత్రి కాట్రేనికోన సెంటర్లో జిరాక్సు కొట్టు కట్టేస్తుంటే బతిమాలి తీయించుకున్నాం.

కావలసింది 'ప్రింట్ సర్వర్' అనే చిన్న పెట్టె అని మా ఆడపడుచు కొడుకు తర్వాత చెప్పాడు. ప్రింటరు తీగ ఆ పెట్టెకు గుచ్చాలి, పెట్టెను ఇంటి వై-ఫైకి కలపాలి. కొనేముందు రెండు సంగతులు అడగండి: మన ప్రింటరు మోడలుకు పనిచేస్తుందా, ఫోను నుంచి అచ్చు తీస్తుందా? ఇలాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైనే అందుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుని, కలవలేదని కంగారుపడకండి. 2.4 అయితే గోడలు దాటి పెరటి గదిదాకా కూడా బాగానే వస్తుంది.

నేను కొన్న అడాప్టరంటారా? కంప్యూటరు బాగయ్యేదాకా అలమరలోనే ఉంటుంది.